భేటింగ్ అంటే పందెం కాదు

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి అక్షరాలు నాకు అలవడలేదు. అందుకే నేను చెబుతుంటే మా ఇంట్లోవాళ్లు కాగితం మీద పెడుతున్నారు. మధ్యలో నేను పక్కదారి పట్టినా అలాగే పెట్టమన్నాను. చూసి వచ్చింది చిన్న సంగతి కాదు, దాన్ని దువ్వి జడ వేసినట్టు చెప్పడం నా వల్ల కాదు.

మాది వత్సవాయి పక్క పల్లె. మా అబ్బాయి చిన్నవాడుగా ఉన్నప్పుడే వాళ్ల నాన్న పోయారు. పత్తి చేలల్లో, మిరప చేలల్లో పనికి పోయి వాణ్ణి పెంచుకున్నాను. ఇప్పుడు వాడు జగ్గయ్యపేటలో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. మొన్న మాఘమాసంలో వాడికి పెళ్లి పెట్టుకున్నాం. పిల్లది నందిగామ. మంచి పిల్ల, ఫోన్లో మాట్లాడితే నవ్వు ముందు వినపడుతుంది, మాట తర్వాత.

పెళ్లికి ఎవరు ఏం చేయాలో పెద్దవాళ్లు కూర్చుని అనుకున్నారు. పీటల మీద మా మరిది, మా తోడికోడలు కూర్చుంటారు. కొత్తకోడలు గుమ్మం దగ్గరికి వస్తే హారతి ఇచ్చి లోపలికి తీసుకొచ్చేది కూడా తోడికోడలే. ఆ వేళకు నేను వంటింట్లో ఉండాలి. ఉండమని నాతో ఎవరూ అనలేదు. మొగుడు పోయిన ఆడదానికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు, అదే తెలుసుకుని వెనక్కి పోతుంది. ఇన్నేళ్లూ ఎందరి పెళ్లిళ్లలోనో అలాగే పోయాను, ఏమీ అనిపించలేదు. ఈసారి మాత్రం అన్నం తింటుంటే కూడా అదే గుర్తొచ్చేది. నా కోడలు నా గడప దాటే వేళకు నేను పొయ్యి దగ్గర ఉంటాను. ఆ పిల్ల మొహం అందరూ చూశాక నేను చూస్తాను.

అలా ఉండగా పేటలో రిటైరైన మాష్టారు ఒకాయన బస్సు మాట్లాడారు. ఆయనకు ఏటా జనాన్ని పోగేసి ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లడం సరదా. ఈసారి ఆదిలాబాదు అడవుల్లో కేస్లాపూర్ అనే ఊరట. అక్కడ గోండులు నాగోబా జాతర చేస్తారట. నాగోబా అంటే నాగదేవుడు. గోండుల్లో మెస్రం అనే ఒక వంశం వాళ్ల దేవుడు.

"పోయి రా అమ్మా," అన్నాడు మా అబ్బాయి. "ఇంటికి సున్నాలూ రంగులూ వేయిస్తున్నా. ఆ దుమ్ములో దగ్గుకుంటా కూర్చోవడం ఎందుకు?"

నేను పోతానంటే మా తోడికోడలూ బయల్దేరింది. "అక్క ఒక్కతీ ఎట్టా పోద్ది, తప్పిపోద్ది," అంది. అది నాకంటే చిన్నది. మాట దూకుడు, మనసు కాదు.

గరికపాడు చెక్‌పోస్టు దాటగానే మాష్టారు బస్సులో లేచి నిలబడ్డారు. బడిలో పాఠం చెప్పినట్టు మొదలుపెట్టారు. గోదావరి నుంచి చెప్పుల్లేకుండా నడిచి నీళ్లు తెస్తారన్నారు, పూజ అన్నారు, జనం సగం మంది నిద్రకు పడ్డారు.

"అన్నిటికంటే ముఖ్యం, రేపు తెల్లారేసరికి మనం చూడాల్సింది భేటింగ్," అన్నారు.

మా వెనక సీట్లో ఎరువుల కొట్టు సెట్టిగారు గభాల్న లేచారు. "బెట్టింగా! ముందే చెప్పొద్దా మాష్టారూ? మా పుంజుని తెచ్చేవాణ్ణి కదండీ!"

"పండక్కి పెట్టిన పందేలు చాల్లేదా నీకు?" అని వాళ్లావిడ మోచేత్తో పొడిచింది. "ఉన్న పుంజు కాస్తా కూరైపోయింది. ఇంకేం తెస్తావు, ఈకలా?"

"బెట్టింగ్ కాదండీ బాబూ, భేటింగ్! భేటీ!" అని మాష్టారు అరుస్తున్నారు.

"అదేనండీ. మీరు చదువుకున్నోళ్లు గనక ఒత్తు పెట్టి పలుకుతున్నారు. మేం ఒత్తు లేకుండా ఆడతాం."

బస్సంతా ఒకటే నవ్వు. ఇక మాష్టారు చెప్పడం మానేశారు. "మీతో నా వల్ల కాదు. వెళ్లాక మీ కళ్లతోనే చూసుకోండి," అని కూర్చున్నారు. దాంతో భేటింగ్ అంటే ఏమిటో మాకెవరికీ తెలియకుండానే ప్రయాణమంతా అయిపోయింది. ఈ జాతరలో కోళ్లో, పొట్టేళ్లో కొట్టుకుంటాయని నేను కూడా అనుకున్నాను.

సాయంత్రానికి చేరాం. మా వైపు చలి అంటే పొద్దున్నే ఒక దుప్పటి. అక్కడి చలి ఎముకలో కూర్చుంటుంది. దిగగానే మాష్టారు అందరికీ తెల్ల దుప్పట్లు పంచారు. చుట్టూ టేకు చెట్లు, కొండలు, వాటి కింద ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, గుడారాలు. గోండు మగవాళ్లు తెల్ల పంచెలు, తెల్ల తలపాగాలు. అంత జనంలోనూ అరుపులు లేవు. నేను తిరునాళ్లు చాలా చూశాను. మైకు లేకపోతే మాకు దేవుడు పలకడు. ఇక్కడ డోలు మోగుతుంది, పెప్రె అని సన్నాయి లాంటి బూర ఒకటి దాని మీద తీగలా సాగుతుంది. ఆ మోత ఆగినప్పుడు ఎడ్ల మెడలో గంటలు వినపడుతున్నాయి.

మమ్మల్ని ఒక గోడ దగ్గరికి తీసుకెళ్లారు. గోడ అవతల వరసగా పొయ్యిలు. దేవుడికి పెట్టే వంట మెస్రం ఇళ్లవాళ్లంతా ఆ పొయ్యిల మీదనే వండాలి. ఇళ్లు పెరిగాయి, మనుషులు పెరిగారు, పొయ్యిలు మాత్రం పెరగవు. కొత్త పొయ్యి పెట్టకూడదట. ఒకరి కుండ దిగాక ఇంకొకరి కుండ ఎక్కాలి. ఆడవాళ్లు కుండలు కడిగి పక్కన పెట్టుకుని, పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. ఎవరి వంతు ఎప్పుడని అడిగేవాళ్లు లేరు. ముందుకు జరిగేవాళ్లు లేరు. మంటల వెలుగు ఒక మొహం మీద పడుతుంది, పోతుంది, ఇంకో మొహం మీద పడుతుంది. అక్కడినుంచి నాకు కాళ్లు కదల్లేదు.

"మనూళ్లో ఐతే ఈపాటికి జుట్లు పట్టుకునేవాళ్లం," అని గొణిగింది మా తోడికోడలు. "నీళ్ల ట్యాంకరొస్తేనే మొన్న బిందెలు సొట్టలు పడ్డాయి."

గుడి దగ్గర మాష్టారు ఇంకో సంగతి చెప్పారు. దేవుడి పుట్టకు మట్టి తొక్కేది, మెత్తేది ఆ వంశపు ఆడపడుచులూ, అల్లుళ్లూనట. "అల్లుడి చేత మట్టి తొక్కిస్తారా!" అని సెట్టిగారు నోరు తెరిచారు. మా వైపు అల్లుడి కాళ్లు పళ్లెంలో పెట్టి కడుగుతాం కదా. ఆ దేవుడి మీద నాకు అప్పుడే అభిమానం పుట్టింది.

తెల్లవారుజామున డోలు చప్పుడుకు మెలకువ వచ్చింది. తోడికోడలు మొహం కడుక్కోవడానికి పంపు దగ్గర ఆగింది. నేను దుప్పటి తల మీదుగా కప్పుకుని ముందు నడిచాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే గుడి గోపురం నేల మీద కాకుండా మబ్బు మీద నిలబెట్టినట్టుంది. ఆ మంచులోంచి ఒక వరస కనపడింది.

ఆడవాళ్లు. అందరివీ తెల్లచీరలు. అందరి తలల మీదా ముసుగు గడ్డం దాకా. మొహాలు కనపడవు. చేతులు మాత్రం కనపడుతున్నాయి, కుర్రచేతులు, నునుపు పోని చేతులు. ఒక్కొక్కరి పక్కన ఒక ముసలామె చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. గుడి దాకా ఉంది వరస. ఎవరూ మాట్లాడటం లేదు.

మా ఆయన దినం నాడు మా పుట్టింటివాళ్లు నాకూ ఇలాంటి తెల్లచీరే తెచ్చారు. నాకూ ఇలాగే ముసుగు వేసి, ఇలాగే చెయ్యి పట్టుకుని నడిపించారు. అయ్యో, ఇంతమందికా, ఇంత చిన్నపిల్లలకా! ఏ ప్రమాదం జరిగిందో, ఏ రోగం వచ్చిందో ఈ అడవికి! ఆ చలిలో నా చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. మొగుళ్లు లేనివాళ్లకు దేవుణ్ణి విడిగా చూపిస్తున్నారని అర్థం చేసుకున్నాను. మా వైపు మమ్మల్ని పక్కన నిలబెట్టడం మామూలే కదా. ఇంకేముంది, నా చోటు ఇదే అనుకుని పోయి ఆ వరస చివర నిలబడ్డాను. తెల్ల దుప్పటి ఉండనే ఉంది.

నా ముందున్న పిల్ల పక్కన ఒక ముసలామె ఉంది. సన్నగా, నిటారుగా, చేతి నిండా పచ్చబొట్లు. వెనక్కి తిరిగి నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏ ఊరి కోడలివి బిడ్డా నువ్వు?"

"జగ్గయ్యపేట దగ్గరండి. కృష్ణా జిల్లా."

"గంత దూరం మెస్రం వాళ్లున్నరా?" ఆమె కళ్లు చికిలించి నా దుప్పట్లోకి తొంగి చూసింది. నెరిసిన జుట్టు కనపడ్డట్టుంది. "ఎప్పుడైంది లగ్గం?"

"మా ఆయన పోయి చాలా ఏళ్లయిందండి," అన్నాను. "ఇది మొగుళ్లు లేనోళ్ల వరసే కదండీ?"

"థూ థూ! పొద్దుగాల గదేం మాట!" అని ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "వీళ్లు కొత్త కోడండ్లు! మొగుళ్లు ఆడ బండ్ల కాడ ఉన్నరు. మంచిగున్నరు!"

నా ముందున్న ముసుగు ఊగింది. దాని ముందు ముసుగూ ఊగింది. ఆ నవ్వు ముసుగుల కింద అలా వరస పొడుగునా పాకుతూ పోయింది. అప్పుడే పరిగెత్తుకొచ్చింది మా తోడికోడలు.

"అక్కా! నువ్వు ఎక్కడ నిలబడ్డావే! ఇది పెళ్లికూతుళ్ల లైను! ఇంకాసేపుంటే నిన్నూ ఎవరికో ఒకరికి కోడలిగా ఒప్పజెప్పేవాళ్లు!"

సిగ్గుతో చచ్చిపోయాను. వరసలోంచి బయటకు వచ్చాను గానీ దూరం పోలేకపోయాను. తెల్లచీర ఎందుకని ఆ ముసలామెను అడిగాను. "మా దేవునికి తెలుపే," అంది. "మొగోళ్లు గూడ తెలుపే కట్టిండ్రు, చూడు." నిజమే. నిన్న సాయంత్రం నుంచీ చూస్తూనే ఉన్నాను. మగవాళ్ల మీద ఉంటే పండగలా కనపడిన తెలుపు ఆడవాళ్ల మీద చూడగానే నాకు చావులా కనపడింది.

భేటింగ్ అంటే ఇదీ అని అప్పుడు ఆమె చెప్పింది. పెళ్లయి వచ్చిన కోడల్ని ఇంటి పెద్ద ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని తెచ్చి నాగోబాకు చూపెట్టాలి. ఆ భేటీ అయ్యేదాకా ఆ పిల్ల పూజలోకి రాదు, దేవుడి దగ్గరికి పోదు. తాళి కట్టింది మొగుడే గానీ, వంశంలో కలుపుకునేది ఇక్కడే. పంట వల్లనో, కాన్పు వల్లనో పెళ్లయిన ఏడాది రాలేనివాళ్లు తర్వాత వస్తారు. ముందు వరసలో ఒక పిల్ల ముసుగు లోపల చంటిబిడ్డ ఉంది. బిడ్డ తల్లి అయ్యాక కూడా ఆమె ఇంకా కొత్త కోడలే.

"ఈ పిల్ల మీ కోడలా?" అన్నాను.

"మనుమని పెండ్లాం. నేనే తీస్కొచ్చిన. ఇంట్ల పెద్దదాన్ని నేనే గదా." పిల్ల చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దింది, చలి పోవాలని. "నీకు కొడుకుల్లేరా?"

"ఒక్కడండి. వచ్చే నెల్లోనే పెళ్లి."

"మంచిది. కోడల్ని నువ్వే ఇంట్లకు తెచ్చుకుంటవు."

తోడికోడలు నా పక్కనే ఉంది. "నేను తెస్తానండి," అంది అది. "అక్కకి బావగారు లేరుగా. మాలో పనికిరాదు."

ముసలామెకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాం. ఆమె నా వంక చూసింది, తోడికోడలి వంక చూసింది.

"నాకు గూడ ముసలోడు లేడు," అంది. "ఎన్నడో పోయిండు. దేవునికి కోడల్ని చూపెట్టాలె గని, నా మొగుణ్ని చూపెట్టాల్నా?"

ఇంతలో డోలు గట్టిపడింది, వరస కదిలింది. ఆమె మాతో మాట మధ్యలోనే వదిలేసి మనవడి పెళ్లాం చెయ్యి పట్టుకుని నడిచింది. నడక చూడాలి. పచ్చి నేల మీద ఉత్త కాళ్లతో, తల వంచకుండా, పొలం గట్టు మీద తన పొలాన్ని చూసుకుంటూ పోయే మనిషిలా నడిచింది.

బయటివాళ్లం మేం కొంచెం దూరంలో ఆగాం. రాతి స్తంభాల మధ్యనుంచి కనపడుతోంది. ఒక్కొక్క ముసలామె వెళ్లడం, పక్కన పిల్ల మోకాళ్ల మీద వంగడం, ముసలామె ఏదో చెప్పడం. మా మనిషి వంతు వచ్చింది. ఆమె వంగి పిల్ల వీపు మీద చెయ్యి వేసి గోండు భాషలో చెప్పింది. నాకు ఒక్క మాట తెలియలేదు. ఫలానా ఇంటి బిడ్డ మన ఇంటికి వచ్చింది, చూసుకో అని చెబుతారని మాష్టారు తర్వాత అన్నారు. ఆయన చెప్పకపోయినా నాకు తెలిసేది. సంతలో ఎద్దును కొన్నాకనో, ఇంట్లో బిడ్డ పుట్టాకనో మనిషి గొంతులో వచ్చే ధీమా ఉంటుంది చూడండి, ఆ గొంతు అది.

అప్పుడు ఆ పిల్ల లేచి ముసుగు తీసింది. కొండ మీద నుంచి అప్పుడే ఎండ దిగుతోంది. చామనఛాయ మొహం, ఏడ్చిందో నవ్విందో తెలియదు, కళ్లు ఇంత చేసుకుని చుట్టూ చూసింది. తన ఊరినీ, తన జనాన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. పక్కన ఇంకొక ముసుగు తొలగింది. ఇంకొకటి. మంచు పోతుంటే మొహాలు వచ్చాయి. డోలు మోగుతోంది, నా ఒంట్లో కూడా మోగుతోంది. సెట్టిగారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పందెం మాట మళ్లీ ఎత్తలేదు. నేను ఎంతసేపు చేతులు జోడించుకుని నిలబడ్డానో నాకు తెలియదు. దేవుడికి దండం పెట్టానో, ఆ ముసలామెకు పెట్టానో కూడా తెలియదు.

తిరుగు ప్రయాణంలో బస్సు మా వైపు దగ్గరపడ్డాక, గరికపాడు ఇవతల లారీలు ఆగే ధాబా దగ్గర టీకి ఆపారు. ఇద్దరం నవారు మంచం మీద కూర్చున్నాం.

"అక్కా, నువ్వేం అనుకుంటున్నావో నాకు తెలుసు," అంది.

"తెలిస్తే చెప్పు."

"నే చెప్పను. నువ్వే అడుగు."

గ్లాసు కింద పెట్టాను. "నా కోడల్ని నే తెచ్చుకుంటానే. పీటల మీద మీరే కూర్చోండి. గుమ్మం ఒక్కటి నాకొదులు."

అది లారీల వంక చూసింది. "వాళ్ల పద్ధతి వాళ్లదక్కా. మన పద్ధతి మనది," అంది. ఆ మాట మీద దానికే గురి ఉన్నట్టు లేదు. తర్వాత మెల్లగా అంది: "నాకిద్దరూ ఆడపిల్లలేగా. ఇద్దర్నీ సాగనంపాను. పంపించడమే గానీ తెచ్చుకోవడం ఎట్టా ఉంటదో నాకు తెలీదు. వీడి పెళ్లాన్నన్నా చెయ్యి పట్టుకుని తెచ్చుకుందామనుకున్నా. దానికోసమే పట్టుచీర కొన్నా."

ఇది నేను అనుకోలేదు. దానికి ఇది చుట్టరికపు పని అనుకున్నాను గానీ, దాని కడుపులోనూ ఒక ఆశ ఉందని తెలియదు. దాని మోకాలి మీద చెయ్యి వేశాను. అది చెయ్యి తీసేయలేదు.

"మీ మరిదికెవరు చెప్తారు?" అంది చివరికి.

"నువ్వే."

"ఓరి నాయనో! నా దగ్గర లాక్కుని, మళ్లా నన్నే చెప్పమంటన్నావా!" అని పైటతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూనే, "పళ్లెం నువ్వు పట్టుకో. పిల్ల రెండో చెయ్యి నాది," అంది.

మరిదికి ఇష్టం లేదు. పెళ్లి ముందు రోజు కూడా, "ఊళ్లో ఏమనుకుంటారు వదినా," అని నసుగుతూనే ఉన్నాడు. "అనుకునేవాళ్లకు భోజనాలు పెడుతున్నాంగా. తింటా అనుకుంటారు," అంది తోడికోడలు.

పెళ్లయి నందిగామ నుంచి కొత్తజంట కారు వచ్చేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. పక్కన ముందు కారులో వచ్చిన తోడికోడలు పట్టుచీరలో ఉంది. నా చేతిలో హారతి పళ్లెం చూసి మా పెద్దత్త వరసామె మొహం తిప్పుకుని పందిట్లోంచి వెళ్లిపోయింది. ఇంకొకరిద్దరు గుసగుసలాడారు. కర్పూరం రెండుసార్లు ఆరింది. తోడికోడలే మళ్లీ వెలిగించింది. కోడలు తల వంచుకుని నిలబడింది.

"తలెత్తమ్మా," అన్నాను. "నీ మొహం చూడనీ."

ఎత్తింది. అందరికంటే ముందు నేనే చూశాను.

హారతి ఇచ్చి, కుడికాలు పెట్టించి, ఒక చెయ్యి నేనూ ఒక చెయ్యి అదీ పట్టుకుని తిన్నగా దేవుడి గూడు ముందుకు తీసుకెళ్లాం. పంతులుగారు వేరే ఏదో చెప్పబోయారు. నేను ఆగలేదు. పిల్లను వంగోబెట్టి వీపు మీద చెయ్యి వేసి, ఇదిగో, నందిగామ వాళ్ల పిల్ల, మనింటికి వచ్చింది, చూసుకో అన్నాను. నాది బొంగురు గొంతు. వీధిలో షామియానా కింద బంతిలో కూర్చున్నవాళ్లకు కూడా వినపడిందట.

కోడలు లేచింది. మెల్లగా నా చెవి దగ్గరికి వచ్చి, "అత్తయ్యా, చెయ్యి నొప్పెడుతోందండి," అంది.

"వదలదులే," అంది తోడికోడలు అటువైపు నుంచి. "అలవాటు చేసుకో."